ఊకలో పెట్టిన కారు

మా మావయ్య ఏసుపాదం కారును చెవితో చూసేవాడు. తలుపు మీద, మడ్‌గార్డు మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, ఎక్కడ అసలు రేకు ఉందో, ఎక్కడ లప్పం పూసి రంగు కొట్టారో చెప్పేసేవాడు. ఆటోనగర్‌లో యాభై ఏళ్ళు టింకరింగ్ పని చేశాడు. లారీ గుద్దితే నలిగిపోయిన డోరును నేల మీద పడుకోబెట్టి, కింద ఇనుప దిమ్మ ఆనించి, చిన్న సుత్తితో గంటలకొద్దీ కొట్టి మొదటి వంపు తిరిగి తెప్పించేవాడు. ఇప్పుడు ఆ పని ఎవరికీ అక్కర్లేదు. డోరు నలిగితే కొత్త డోరు అట్టపెట్టెలో వస్తుంది. పాతది విప్పి మూల పారేసి, కొత్తది బిగిస్తారు.

నాకా సంగతి బాగా తెలుసు. నేను ఒక ఇన్సూరెన్స్ సర్వేయరు వెంట తిరిగి దెబ్బతిన్న కార్లకు ఫోటోలు తీస్తాను. బాగుచేయడం దండగో కాదో ఆ ఫోటోలు చూసి ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్నవాడు తేలుస్తాడు. వాడు కారును ముట్టుకోడు. డిగ్రీ రెండో ఏడు మానేశాక ఏలూరు రోడ్డు పాత పుస్తకాల కొట్లలో కొని చదివినదంతా నన్ను తీసుకెళ్ళి ఈ ఉద్యోగంలో పడేసింది. మావయ్య షెడ్డు మాత్రం అలాగే ఉంది. రోజూ పొద్దున్నే తాళం తీస్తాడు, ఊడుస్తాడు, స్టూలు మీద కూర్చుంటాడు. ఆయన వంచి నిలబెట్టాల్సిన రేకు వారానికి ఒకటి కూడా రాదు.

ఆయన బతుకంతా ఒక్క కారు గురించే మాట్లాడేవాడు. మా ఇంట్లో దానికి చల్లపల్లి బండి అని పేరు. ఎం.జి. కారు, రెండే సీట్లు, పైకప్పు ఉండదు, పొడుగాటి బానెట్టు, మీగడ రంగు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మద్రాసు రేవులో దిగిన బండి. చల్లపల్లిలో రైసు మిల్లు నడిపిన వెంకటప్పయ్య గారు దాన్ని ఎవరో కంపెనీ ఆఫీసరు దగ్గర కొన్నారు. కరకట్ట మీద దాన్ని నడుపుకుంటూ బెజవాడ వచ్చేవారట. ఆ కారుకు లోపల అస్థిపంజరం చెక్కతో ఉంటుంది, పైన రేకు తొడుగుతారు. అలాంటి పని చేతికి రావడం ఆ రోజుల్లో ఆటోనగర్‌లో పెద్ద ముచ్చట. మావయ్య దాని మీద నాలుగైదు సార్లు చెయ్యి వేశాడు. మిగతా కార్ల గురించి పని అనేవాడు. దాని గురించి మాత్రం, "ఆ బండి నా చేతిలో ఉన్నప్పుడు" అనేవాడు.

ఇరవై మూడేళ్ళ కిందట వెంకటప్పయ్య గారికి షుగరు వల్ల కళ్ళు మసకబారాయి. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ నడుపుతాను, అందాకా తుప్పు పట్టకుండా బండిని దాచే మార్గం చెప్పమని మావయ్యను పిలిపించారు. మావయ్య రెండు రోజులు అక్కడే ఉండి, బండి అడుగంతా వాడేసిన ఇంజనాయిలు పూసి, మిల్లు వెనక రేకుల షెడ్డులో పెట్టించి, చుట్టూ పైనా వరి ఊక పోయించాడు. బండి మొత్తం మునిగిపోయేంత ఊక. "నేనొచ్చి తీసేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అని చెప్పి వచ్చేశాడు.

ఆ కళ్ళు బాగుపడలేదు. కబురూ రాలేదు.

"ఒకసారి వెళ్ళి చూసిరావచ్చుగా మావయ్యా" అని నేను చాలాసార్లు అన్నాను.

"పిలవకుండా పెద్దోళ్ళ ఇంటికి ఎట్టా ఎల్తాం రా? ఏదో ఆశించి వచ్చాడనుకోరూ?"

"ఏం పెద్దోళ్ళు? మూతపడిన మిల్లు వాళ్ళు."

"నువ్వు పుస్తకాలు చదివి అట్టాగే మాట్లాడతావు" అనేవాడు.

పోయిన ఏడాది వెంకటప్పయ్య గారు చనిపోయారని ఎవరో చెబితే తెలిసింది. ఈ ఏడు వానలు ఇంకా మొదలవకముందు ఆయన కూతురు సింధూరి గారు ఫోన్ చేశారు. ఆవిడ భవానీపురంలో ఉంటారు, బ్యాంకులో పని. మిల్లు స్థలం అమ్మేస్తున్నారు, రిజిస్ట్రేషన్ లోపు షెడ్డు ఖాళీ చేయాలి. బండి బాగుచేయించుకునే వీలుంటే తను ఉంచుకుంటానని, ఎంత కాలమైనా ఫరవాలేదని, లేదంటే పాతసామాన్ల వాళ్ళకు ఇచ్చేస్తానని అన్నారు. "నాన్న అది మీరే తీయాలనేవారండీ. మీరు ఎట్లా చెబితే అట్లా చేద్దాం."

మావయ్య ఫోన్ పెట్టేసి షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు. చెక్క సుత్తులు, రకరకాల వంపులున్న దిమ్మలు ఒక్కొక్కటి తీసి గుడ్డతో తుడిచాడు. ఏడాదికి సరిపడా పని. అంతకంటే, ఆయన బతికుండగా ఆయన చేతికి తగిన పని. నాకూ ఆశ పుట్టింది. ఆ ఫోటోల ఉద్యోగం మానేసి ఆయన పక్కన నిలబడి దిమ్మ పట్టుకుంటాననుకున్నాను.

ఆదివారం బస్సెక్కాం. మావయ్య ప్రార్థన మానేసి ఎక్కడికైనా బయల్దేరడం నేనెప్పుడూ చూడలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కంకిపాడు, ఉయ్యూరు దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"చెక్క కాస్త పోయుంటది. ఫరవాలా, టేకు కోయించి పెడదాం. సీట్లు ఎలకలు కొట్టుంటాయి. రేకుకు మాత్రం ఏం కాదు."

"అంత నమ్మకం ఏంటి?"

"ఊకలో ఉంది గదరా. వానాకాలం బెల్లం దిమ్మలు ఊకలో పెడతారు. బెల్లానికే చెమ్మ తగలదంటే ఇనుముకు తగులుద్దా?"

మా అమ్మమ్మ మణెమ్మ ఉయ్యూరు దగ్గర పల్లెలో బెల్లం గానుగలో కూలికి పోయేది. మావయ్య చిన్నప్పుడు ఆవిడ వెంట వెళ్ళేవాడు. ఆ ఉపాయం అక్కడ చూసిందే.

మిల్లు దగ్గరకు వెళ్ళేసరికి సింధూరి గారు గేటు దగ్గరే ఉన్నారు. నలభై ఐదేళ్ళుంటాయి. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పల్లేరుకాయలు అంటుకోకుండా చూసి చూసి నడుస్తూ ఎదురొచ్చి, "మేస్త్రిగారూ, మీరు నాకు గుర్తున్నారండీ. నా చిన్నప్పుడు బండి పనికొచ్చి, మా పెరట్లో కూర్చుని టీ తాగుతూ బిస్కెట్టు నా చేతికిచ్చేవారు" అన్నారు. మావయ్య నవ్వి తల వంచుకున్నాడు. ఆవిడ పక్కన మాణిక్యం అనే ముసలాయన పార పట్టుకుని నిలబడ్డాడు. మిల్లు నడిచిన రోజుల్లో అక్కడ హమాలీ. మిల్లు మూతపడ్డా కాపలా ఉండిపోయాడు.

"ఏవయ్యా మేస్త్రీ, వచ్చావా? అయ్యగారు పోయాక వచ్చావు" అన్నాడు మాణిక్యం.

"పిలవందే ఎట్టా వత్తానయ్యా?"

"ఆయనేమో నువ్వొస్తావని కూకున్నాడు."

మావయ్య అప్పటికే షెడ్డు వైపు నడుస్తున్నాడు. వినిపించుకోలేదేమో అనుకున్నాను.

షెడ్డు తలుపు తీస్తే లోపల ఊక గుట్ట, మనిషి ఎత్తున. పైన బంగారం రంగులో పొడిగా ఉంది. మావయ్య గుప్పెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, ఊది, నావైపు చూశాడు. చూశావా అన్నట్టు. మాణిక్యం పార వేశాడు, నేను తట్టతో బయటికి మోశాను. మూరెడు లోతు దిగాక ఊక రంగు మారింది. ముందు గోధుమ రంగు, తర్వాత నలుపు. ఇంకా లోపల అది ఊకలా లేదు. పేడకడిలా ముద్దగా, పారకు అతుక్కుని వస్తోంది. పుల్లటి కుళ్ళు వాసన. ఎలుకల గూళ్ళు, వాటి పిల్లల ఎముకలు. సింధూరి గారు పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డారు.

ముందు బయటపడింది బానెట్టు. మీగడ రంగు ఎక్కడా లేదు. మావయ్య మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో ముద్దను పక్కకు తోసి, వేలి కణుపుతో తట్టాడు. చప్పుడు రాలేదు. తడిసిన అట్ట మీద తట్టినట్టు ఉంది. పక్కకు జరిగి తలుపు మీద తట్టాడు. మడ్‌గార్డు మీద తట్టాడు. మళ్ళీ తలుపు దగ్గరకు వచ్చి బొటనవేలు ఆనించి కొంచెం నొక్కాడు. వేలు లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన దాన్ని వెంటనే బయటికి తీయలేదు.

కింద ఊక తోడేశాక నేను బండి కిందకు దూరి స్క్రూడ్రైవరుతో చాసీ గీకాను. ఇనుప పట్టీలు పొరలు పొరలుగా ఊడి నా మొహం మీద పడ్డాయి. వెనక చక్రాల దగ్గర స్క్రూడ్రైవరు ఒకవైపు నుంచి దూరి రెండో వైపు వచ్చింది. ఆయన పూసిన నల్ల ఆయిలు ఊక పొట్టుతో కలిసి గట్టి పూతలా మారి, లోపలి చెమ్మను లోపలే పట్టి ఉంచింది. తొడుగు కింద చెక్క చెదలు తిని పిండి అయిపోయింది. ఆకారం ఒకటే మిగిలింది. ఊక చుట్టూ ఒత్తి పట్టుకుని ఉండబట్టి అది కూడా.

మాణిక్యం పార మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. "మూడో ఏడే చెప్పా అయ్యగారికి. కిందంతా చెమ్మెక్కింది, ఊక మారుద్దామండీ అని. ‘మేస్త్రి ముట్టుకోవద్దన్నాడ్రా, నీకంటే ఆయనకు తెలుసు’ అన్నాడు. ఆరో ఏడు మళ్ళీ అడిగా. పార తెస్తే కొడతానన్నాడు."

మావయ్య తల తిప్పాడు. "ఊక మారుస్తారా?"

"ఎందుకు మార్చరయ్యా? బెల్లానికైనా ఏటా తొలకరికి ముందు పాత ఊక తీసి కొత్త ఊక పోస్తాం గదా. అది చెమ్మ తాగుద్ది. తాగింది తీసెయ్యకపోతే మళ్ళీ సరుక్కే పెడద్ది."

"ఏటా?"

"అదేంటి మేస్త్రీ, ఆ సంగతి తెలీకుండానే పోయించావా?" అని మాణిక్యం నవ్వబోయి, మావయ్య మొహం చూసి ఆగిపోయాడు.

ఆయనకు నిజంగా తెలియదు. గానుగ నుంచి ఆసామి ఇంటికి బెల్లం దిమ్మలు నెత్తిన మోసింది మా అమ్మమ్మ. ఆ దిమ్మలు వసారాలో ఊకలో పేర్చడం మావయ్య పెరటి కంచె అవతల నిలబడి చూశాడు. అంతవరకే ఆయనకు చూపు ఆనింది. తర్వాత వాటిని లోపలి కొట్టుగదికి చేర్చేవాళ్ళు, మరుసటి ఏడు ఊక మార్చేది అక్కడే. అక్కడికి మావాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. సగం చూసిన ఉపాయాన్ని అరవై ఏళ్ళు పూర్తి ఉపాయమనుకున్నాడు. చెప్పింది కూలివాడైతే ఎవరో ఒకరు కాదని మార్చేవాళ్ళే. మేస్త్రి అని గౌరవించి వెంకటప్పయ్య గారు అక్షరం పొల్లుపోకుండా పాటించారు. మావయ్య జీవితంలో ఒక ఆసామి ఆయన మాట అంతలా విన్నది అదొక్కసారే.

సింధూరి గారు లోపలికి వచ్చారు. స్టీరింగ్ చక్రం మీద ముద్దను వేళ్ళతో తుడుస్తూ, "నాన్న చూపు పోయాక కూడా సాయంత్రం ఇక్కడికి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చునేవారండీ. ఒకసారి తీయించుకోవచ్చుగా అంటే, ఏసుపాదం వస్తానన్నాడు, వాడి మాటంటే మాటే, అనేవారు. ఇట్లా అయిందని తెలీదు కాబట్టి ఆయన బాధపడలేదు. అంతే చాలు" అన్నారు. ఆవిడ మాటలో నిష్టూరం లేదు. ఉంటే బాగుండేది.

"చెప్పండి మేస్త్రిగారూ. చేద్దామా?"

నేను మావయ్య దగ్గరకు జరిగి మెల్లగా అన్నాను. "చేద్దాం అను. చాసీ కొత్తది కట్టిద్దాం. రేకు మొత్తం నువ్వు కొట్టు. నువ్వు చేయగలవు."

ఆయన లేచి నిలబడడానికి నా భుజం పట్టుకున్నాడు.

"వద్దమ్మా" అన్నాడు. "ఇది బాగుచేసే బండి కాదు."

"మీ వల్ల కాదా?"

"అవుద్దమ్మా. ఏడాది పడద్ది. రేకంతా కొత్తగా కొట్టాలి. చెక్కంతా కొత్తది. చాసీ కొత్తది. అన్నీ చేశాక చూస్తే అందులో మీ నాన్నగారు ముట్టుకున్నది ఇంజనొక్కటే ఉంటది. మిగతాదంతా నా బండి. మీకెందుకమ్మా నా బండి?"

"నాకు ఫరవాలేదండీ. చూడ్డానికి అట్లాగే ఉంటే చాలు."

"నాకు ఫరవా ఉంది."

ఆవిడ స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తీసేశారు. "పోనీ, మీరు చేయనంటే వేరే ఎవరైనా..."

మావయ్య నిజాయితీగా ఆలోచించాడు. ఒక్కో పేరు తలచుకుంటున్నాడని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇశ్రాయేలు చనిపోయి ఆరేళ్ళు. గుణదల మేస్త్రికి చేతులు వణుకుతాయి. మిగతావాళ్ళంతా అట్టపెట్టెలు విప్పేవాళ్ళు. "ఎవరూ లేరమ్మా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. బయటికి వచ్చి ఆయన్ను నిలదీశాను. "ఆవిడ చేయమంటోంది. నీకు పని కావాలి. నాకు కావాలి. ఎవరికోసం వద్దన్నావు? ఆయన చచ్చిపోయాడు. ఇలాంటి ఆసాములు మన ముత్తాతల కాలం నుంచీ మనకు ఎంత నిజం చెప్పారని నువ్వు వాళ్ళకింత నిజం చెప్పాలి?"

"పాడుచేసింది నేనే. మళ్ళీ దాన్ని చేసినందుకు ఏ మొహం పెట్టుకుని చెయ్యి చాపను?"

"అయితే ఊరికే చెయ్యి."

"ఊరికే చేస్తే మాత్రం అది అదే అవుద్దా?" అన్నాడు. ఇస్త్రీ చొక్కా ముందంతా నల్ల ముద్ద అంటుకుని ఉంది. దాన్ని దులుపుకోవాలని కూడా ఆయనకు తట్టలేదు.

పది రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. పాతసామాన్ల వాడు గ్యాసు కట్టరుతో కోసేస్తానంటున్నాడట. సింధూరి గారికి అది చూడబుద్ధి కాలేదు. "మేస్త్రిగారూ, మీరొకసారి రావాలండీ. మీ చేత్తో విప్పితే బాగుంటుందనిపించింది." ‘మీరు రావాలి’ అనే ఆ మాట కోసమే ఆయన ఇరవై మూడేళ్ళు ఎదురుచూశాడు. ఆయన ‘వత్తానమ్మా’ అని వెంటనే అన్నాడు.

రెండు రోజులు విప్పాం. మావయ్య పగులగొట్టడానికి ఒప్పుకోలేదు. తుప్పుకు బిగుసుకుపోయిన ప్రతి నట్టుకూ కిరసనాయిలు పోసి, గంటసేపు నాననిచ్చి, పానాతో, దానికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు తిప్పేవాడు. పాతసామాన్ల వాడు, నాని అని నా వయసువాడు, ఆటో ట్రాలీ మీద కాళ్ళూపుకుంటూ కూర్చుని చూసి చూసి, "ఏంటి తాతా, పెళ్ళికూతురికి నగలు తీస్తున్నట్టు? ఎట్టా తీసినా తూకానికేగా" అన్నాడు.

"తూకానికే" అన్నాడు మావయ్య, చేతిలో పని ఆపకుండా.

తలుపులు ముక్కలుగా వచ్చాయి. బానెట్టు ఎత్తుతుంటే మధ్యకు విరిగింది. ఒక్క స్టీరింగ్ చక్రం మాత్రం విడిగా తీసి, నీళ్ళతో కడిగి, సింధూరి గారికి ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏం చేయాలో తెలియనట్టు నిలబడ్డారు. తర్వాత తన కారులో వెనక సీటు మీద పెట్టుకున్నారు. మావయ్యను మీకేమైనా కావాలా అని అడిగారు. వద్దన్నాడు. ట్రాలీ వెళ్ళిపోయాక షెడ్డు నేల మీద బండి ఆకారంలో నల్లటి మరక మిగిలింది. మాణిక్యం చీపురు తెచ్చి, ఇది ఊడిస్తే పోయేది కాదులే అని గోడకు ఆనించేశాడు.

చల్లపల్లి బస్టాండులో బస్సెక్కాం. మావయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. కూచిపూడి దాటాక అన్నాడు, "కళ్ళు కనపడకుండానే వచ్చి కూకునేవాడంట్రా."

నాకు తెలిసిన మాటలన్నీ వెతుక్కున్నాను. అన్ని పుస్తకాలు చదివాను, ఆ పూట పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. నీ తప్పు కాదు మావయ్యా అందామనుకున్నాను. తప్పు ఆయనదే. ఆయన్ను కంచె అవతల ఆపి ఆ తప్పు చేయించిందెవరో కూడా నాకు తెలుసు, కాని ఆయనకు అది అక్కర్లేదు.

"పిలవకపోయినా ఒక్కసారి ఎల్లుంటే" అన్నాడు మళ్ళీ. "ఒక్క వానాకాలం ముందు. గేటు కాడ నిలబడి, ఎట్టా ఉందయ్యా బండి అని అడిగొచ్చినా సరిపోయేది."

కండక్టరు వచ్చి చెయ్యి చాపాడు. "ఎక్కడికి తాతా?"

"చల్లపల్లి" అన్నాడు మావయ్య.

"అక్కడేగా ఎక్కావు" అని కండక్టరు నవ్వాడు.

మావయ్య అతని వైపు చూశాడు గాని, ఏం తప్పు చెప్పాడో ఆయనకు అర్థం కాలేదు. నేను ఆటోనగర్‌కు రెండు టిక్కెట్లు తీసుకున్నాను.